పెరుగు కప్పులో నారు: ఖరగ్‌పూర్ ఎర్రనేలలకు ఇంటి ప్లాస్టిక్ ఎలా పనికొస్తుంది?

విత్తనాలను ఇంట్లో మొలిపించి తర్వాత తోటలో నాటడం గురించి వచ్చిన పుస్తకాలు ఎక్కువగా చలి దేశాలవి. అక్కడ వసంతం వచ్చేదాకా నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి, మొక్కను కొన్ని వారాల ముందే ఇంట్లో పెంచుకుంటారు. మన దగ్గర నేల గడ్డకట్టదు. అలాంటప్పుడు పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలోనో, దాని పక్కన ఈస్టర్న్ ఫ్రాంటియర్ రైఫిల్స్ స్థావరం ఉన్న సాలువాలోనో, ఇంటి లోపల నారు పోయడం ఎందుకు?

కారణం చలి కాదు, వాన. చలికాలంలో కాసే టమాటా, క్యాబేజీ, కాలీఫ్లవర్, వంగ, మిరప నారును ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో సిద్ధం చేసుకోవాలి. గంగా మైదానపు ఈ దక్షిణ అంచున నైరుతి రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు రెండో వారం దాకా ఉంటాయి. అంటే నారు అత్యంత లేతగా ఉండే రోజుల్లోనే వాన దంచికొడుతుంది. ఒక్క పెద్ద వానకు నారుమడి కొట్టుకుపోవచ్చు. కొట్టుకుపోకపోతే కుళ్లిపోవచ్చు. అందుకే వరండాలో, కిటికీ పక్కన, చూరు కింద నారు పెంచుకోవడం ఇక్కడ సరదా పని కాదు, పంటను కాపాడుకునే పని. దానికి కావలసిన పాత్రలు మన చెత్తబుట్టలోనే ఉన్నాయి: పెరుగు కప్పులు, మిఠాయి డబ్బాలు, పాల ప్యాకెట్లు, నీళ్ల సీసాలు. అయితే వాటిని ఎలా వాడాలో తెలియకపోతే మొక్కలు చస్తాయి, దోమలు పెరుగుతాయి.

ఎర్రమట్టి సంగతి

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలం నుంచి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం జిల్లాల కుటుంబాలు ఖరగ్‌పూర్‌లో స్థిరపడ్డాయి. వారికి ఎర్రనేల కొత్త కాదు. కానీ ఇక్కడి నేల లేటరైట్. ఫ్రాన్సిస్ బుకానన్ కేరళలో ఈ రాతిని చూసి, 1807లో లాటిన్‌లో ఇటుక అనే అర్థం వచ్చే మాటతో దానికి ఆ పేరు పెట్టాడు. తడిగా ఉన్నప్పుడు కోసి, ఎండలో ఆరబెడితే గట్టి ఇటుకలా మారడమే ఆ పేరుకు కారణం.

వేల ఏళ్ల పాటు భారీ వర్షాలు నేలలోని కాల్షియం, మెగ్నీషియం, పొటాషియం లాంటి పోషకాలను కడిగేశాక, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలితే లేటరైట్ ఏర్పడుతుంది. అందుకే ఈ మట్టి ఆమ్లగుణంతో ఉంటుంది. సేంద్రియ పదార్థం తక్కువ. పైగా ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు భాస్వరాన్ని గట్టిగా పట్టుకుని వేళ్లకు అందనివ్వవు. ఎదిగిన మొక్క ఎలాగో తట్టుకుంటుంది. దారంలాంటి ఒక్క వేరుతో బతుకు మొదలుపెట్టే మొలకకు మాత్రం, వాన వెలిసి ఎండ కాయగానే పైపొర బిగుసుకుపోయే ఈ మట్టిని చీల్చుకుని రావడం కష్టం. చిన్న కప్పులో అయితే మనకు నచ్చిన మట్టిని మనమే తయారు చేసుకోవచ్చు. జల్లించిన తోటమట్టి ఒక వంతు, బాగా మాగిన పశువుల ఎరువు లేదా వర్మీకంపోస్టు ఒక వంతు, కడిగిన కొబ్బరిపీచు పొట్టు ఒక వంతు కలిపితే చాలు. పొట్టు దొరకకపోతే ముతక ఇసుక వాడవచ్చు.

ఏ ప్లాస్టిక్ దేనికి?

డబ్బా అడుగున త్రిభుజంలో ఉండే అంకె, ఆ వస్తువును ఏ ప్లాస్టిక్‌తో చేశారో చెబుతుంది. 1988లో అమెరికాలో మొదలైన ఈ పద్ధతినే ఇప్పుడు దాదాపు అన్నిచోట్లా వాడుతున్నారు.

అంకె 1 పెట్ అనే పాలిమర్. నీళ్ల సీసాలు, పారదర్శకమైన మిఠాయి, కేకు డబ్బాలు దీనితోనే చేస్తారు. వెలుతురును బాగా పోనిస్తుంది కాబట్టి మూతలకు బాగుంటుంది. అంకె 2 హెచ్‌డీపీఈ, కొన్ని నూనె, షాంపూ డబ్బాలు. అంకె 4 ఎల్‌డీపీఈ, అంటే పాల ప్యాకెట్ల పల్చని పొర. అంకె 5 పీపీ, పెరుగు, ఐస్‌క్రీం కప్పులు. 2, 4, 5 అంకెలవి నారు కుండీలుగా బాగా పనికొస్తాయి. అంకె 3 పీవీసీ, అంకె 6 పాలీస్టైరీన్. వీటిని పక్కన పెట్టడం మంచిది. పాలీస్టైరీన్ కప్పు పెళుసుగా ఉండి చిన్న ముక్కలుగా విరిగి మట్టిలో కలిసిపోతుంది.

పురుగుమందులు, ఫినాయిల్, మరుగుదొడ్డి శుభ్రం చేసే ద్రావణాలు ఉన్న సీసాలను ఎంత కడిగినా వాడకూడదు. ఆహార పదార్థాలు ఉన్నవే తీసుకోండి. పాల ప్యాకెట్‌ను ముందు చన్నీళ్లతో, తర్వాత సబ్బునీళ్లతో కడగాలి. లోపల పాల పొర మిగిలితే బూజు పడుతుంది, చిన్న ఈగలు ముసురుతాయి. పాలు పోసుకునేటప్పుడు ప్యాకెట్ మూలను పూర్తిగా కత్తిరించి పారేయకండి, కొసకు వేలాడేలా ఉంచండి. ఆ చిన్న త్రికోణపు ముక్కలను ఏరి రీసైక్లింగ్‌కు పంపేవారు ఉండరు. అవి కాలువల్లోకే చేరతాయి.

ముందు విత్తనాన్ని పరీక్షించండి

మొలకెత్తడానికి విత్తనం మూడు అడుగుతుంది: నీరు, ఆక్సిజన్, తగిన వేడి. పొడి విత్తనం మొదట నీటిని పీల్చుకుని ఉబ్బుతుంది. దాంతో లోపలి ఎంజైములు మేలుకుని నిలవ ఉన్న పిండిపదార్థాన్ని, కొవ్వును కరిగించడం మొదలుపెడతాయి. ఆ పనికి శక్తి కావాలి, శక్తికి ఆక్సిజన్ కావాలి. నీళ్లలో మునిగిన విత్తనం కుళ్లిపోవడం అందుకే. మునిగినప్పుడు నీటికి లోటు ఉండదు, గాలికే లోటు.

పాత విత్తనాలు ఉంటే కప్పుల్లో వేసి ఎదురుచూడటం కన్నా ముందు పరీక్షించడం మేలు. మిఠాయి డబ్బాలో తడిపిన గుడ్డ లేదా కాగితం పరిచి, 20 విత్తనాలు వరుసగా పేర్చి, మూత వదులుగా పెట్టి నీడలో ఉంచండి. టమాటా 5 నుంచి 7 రోజుల్లో, వంగ, మిరప కాస్త ఆలస్యంగా మొలుస్తాయి. 20లో 14 మొలిస్తే మొలకశాతం 70. మన దేశంలో విత్తన ధ్రువీకరణ ప్రమాణాల ప్రకారం టమాటా, వంగకు కనీసం 70 శాతం, మిరపకు కనీసం 60 శాతం ఉండాలి. మీకు పది టమాటా మొక్కలు కావాలంటే, 70 శాతం లెక్కన 15 విత్తనాలు వేయాలి. నారు దశలో కొన్ని పోతాయనుకుంటే మరో మూడు కలపండి. విత్తనాన్ని దాని మందానికి రెండు మూడు రెట్ల లోతులో వేయాలి. టమాటాకు అర సెంటీమీటరు చాలు. ఆనప, బీర లాంటి పెద్ద విత్తనాలకు 2 సెంటీమీటర్లు కావాలి.

కప్పు అడుగున చిక్కుకునే నీరు

చాలామంది కప్పుకు ఒకే రంధ్రం పెట్టి, అడుగున గులకరాళ్లు పోసి, నీరు బాగా దిగుతుందనుకుంటారు. నిజానికి జరిగేది దానికి వ్యతిరేకం. వంటగది స్పాంజితో దీన్ని ఇంట్లోనే చూడవచ్చు. స్పాంజిని నీళ్లలో ముంచి, అడ్డంగా పడుకోబెట్టినట్టు పట్టుకోండి. కాసేపటికి నీళ్లు కారడం ఆగిపోతుంది. ఇప్పుడు దాన్ని నిలువుగా తిప్పండి, మళ్లీ నీళ్లు కారతాయి. స్పాంజి అదే, రంధ్రాలూ అవే. మారింది ఎత్తు మాత్రమే.

మట్టిలోని సన్నని ఖాళీలు కేశనాళికల్లా పనిచేసి, కొంత ఎత్తు వరకు నీటిని కిందికి జారనివ్వకుండా పట్టుకుంటాయి. అందువల్ల ప్రతి కుండీ అడుగునా పూర్తిగా తడిసిన పొర ఒకటి ఉంటుంది. దాని మందం కుండీ ఎత్తును బట్టి కాక మట్టి స్వభావాన్ని బట్టి ఉంటుంది. ఆ పొర 3 సెంటీమీటర్లు అనుకుందాం. 12 సెంటీమీటర్ల పాల ప్యాకెట్‌లో అది నాలుగో వంతు. 5 సెంటీమీటర్ల చిన్న కప్పులో సగానికి పైగా. అడుగున గులకరాళ్లు వేస్తే ఆ తడి పొర వాటి పైకి, వేళ్లకు ఇంకా దగ్గరగా జరుగుతుంది. కాబట్టి రాళ్లు వద్దు. నాలుగైదు రంధ్రాలు పెట్టండి, పొడవైన కప్పులు ఎంచుకోండి, గుల్లగా ఉండే మట్టి వాడండి. నీళ్లు పోయాలా వద్దా అన్నది పైమట్టి రంగు చూసి కాదు, కప్పును చేత్తో ఎత్తి బరువు చూసి తేల్చుకోండి. రెండు రోజుల్లో చేతికి అలవాటైపోతుంది.

పారదర్శకమైన కప్పులో మరో చిక్కు ఉంది. వేళ్లు వెలుతురుకు దూరంగా పెరుగుతాయి. గోడల వెంట వెలుతురు, తడి రెండూ ఉంటే పచ్చని నాచు కూడా పడుతుంది. పాత వార్తాపత్రిక చుట్టితే రెండూ తీరతాయి. తెల్లని పాల ప్యాకెట్‌కు ఈ బాధ తక్కువ.

ఒకే మూత, రెండు కాలాలు

పారదర్శకమైన డబ్బా లోపల ఎందుకు వేడెక్కుతుంది? అద్దం, ప్లాస్టిక్ వేడి కిరణాలను బయటికి పోనివ్వవు కాబట్టి అని పాఠాల్లో చదువుకున్నాం. 1909లో అమెరికా భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ వుడ్ రెండు చిన్న పెట్టెలు తయారు చేశాడు. ఒకదానికి అద్దం మూత, రెండోదానికి వేడి కిరణాలను పోనిచ్చే సైంధవ లవణపు పలక మూత. రెండూ దాదాపు ఒకేలా వేడెక్కాయి. చిన్న పెట్టెలో ముఖ్యంగా పనిచేసేది, వేడెక్కిన గాలి పైకి లేచి పోకుండా మూత ఆపడమే అని దీన్నుంచి తెలుస్తుంది. కాబట్టి మూతకు ఒక సందు తెరిచినా వేడి దిగిపోతుంది. మనకు కావలసిన అదుపు ఆ సందులోనే ఉంది.

ఆగస్టులో ఖరగ్‌పూర్‌లో గది వేడే 26 నుంచి 33 డిగ్రీల మధ్య ఉంటుంది. టమాటా, వంగ, మిరప విత్తనాలకు 25 నుంచి 30 డిగ్రీలు సరిపోతాయి. ఇంకా వేడి అక్కర్లేదు. ఎండలో మూసిన డబ్బా, ఎండలో అద్దాలు మూసి నిలిపిన కారులా కొద్ది సేపట్లోనే మొలకలు తట్టుకోలేనంత వేడెక్కుతుంది. అందుకే వానాకాలంలో మూతను వాన జల్లుకు, పిచ్చుకలకు అడ్డుగా మాత్రమే వాడాలి. పక్కలు తెరిచే ఉంచాలి, డబ్బాను నేరుగా ఎండలో పెట్టకూడదు. మొదటి మొలక కనిపించిన రోజే మూత తీసేయాలి.

జనవరిలో పరిస్థితి తిరగబడుతుంది. వేసవి పంటకు ఆనప, బీర, దోస, కాకర విత్తనాలు మొలిపించాల్సిన కాలం అది. శ్రీకాకుళం వైపు ఆనప, మిగతా చోట్ల సొర, బెంగాలీలు లౌ అనే ఈ కూరగాయ విత్తనానికి 25 నుంచి 35 డిగ్రీలు ఇష్టం. 15 డిగ్రీల కంటే తగ్గితే దాదాపు మొలవదు. ఇక్కడ జనవరి రాత్రులు ఆ హద్దుకు కిందికి దిగుతాయి. అందుకే రాత్రి నానబెట్టిన విత్తనాలను పాల ప్యాకెట్లలో ఒక్కొక్కటిగా వేసి, పగలు మూసిన డబ్బాలో వెలుతురుకు పెట్టి, రాత్రి ఇంట్లోకి తెచ్చుకోవాలి. ఇక్కడ ఒక తేడా గుర్తుంచుకోవాలి. పల్చని పాలిథిన్ పొర వేడి కిరణాలను చాలావరకు బయటికి పోనిస్తుంది. తేటగా ఉన్న ఆకాశం కింద ఆరుబయట దాన్ని మాత్రమే నమ్ముకుంటే లాభం తక్కువ. పైన పాత గోనెసంచి కప్పితే నయం.

వెలుతురు చాలకపోతే

ఇంటి లోపల పెంచే నారులో ఎక్కువగా కనిపించే లోపం, సన్నగా పొడుగ్గా సాగి పడిపోవడం. బయట ఎండ సుమారు లక్ష లక్స్ ఉంటే, వెలుతురున్న గది మధ్యలో కొన్ని వందలే ఉంటాయి. మన కన్ను సర్దుకుంటుంది కాబట్టి ఆ తేడా మనకు తెలియదు, మొక్కకు తెలుస్తుంది. వెలుతురు తక్కువైతే మొలక ఆకులు పెంచడం మానేసి, దాచుకున్న బలమంతా కాండం పొడవుకు ఖర్చు చేస్తుంది. మట్టిలోంచి వెలుగులోకి రావడానికి దానికి ఉన్న ఉపాయమే అది. గదిలో ఆ ఉపాయానికి అంతు ఉండదు.

కాబట్టి విత్తనం ఇంట్లో మొలవచ్చు గానీ, మొలక ఇంట్లో ఉండకూడదు. రెండు బీజదళాలు విచ్చుకోగానే వరండా అంచుకో, తూర్పు కిటికీకో మార్చి, రోజూ రెండు మూడు గంటల లేత ఎండ తగిలేలా చూడాలి. రోజుకు పది పదిహేను సార్లు అరచేత్తో నారు కొనలను మెల్లగా నిమిరినా మేలే. గాలి ఊపినప్పటిలాగే ఈ స్పర్శకు కూడా మొక్క కాండాన్ని పొట్టిగా, లావుగా పెంచుకుంటుంది. టమాటాలో ఇది బాగా కనిపిస్తుంది.

నారుకుళ్ళు, దోమ

సాయంత్రం నిటారుగా ఉన్న మొలకలు తెల్లారేసరికి మట్టి దగ్గర నడుం విరిగినట్టు పడిపోతే అది నారుకుళ్ళు తెగులు. పిథియం, రైజోక్టోనియా లాంటి సూక్ష్మజీవులు దీనికి కారణం. తడి ఎక్కువై, గాలి ఆడక, మొలకలు కిక్కిరిసి ఉంటే ఇవి విజృంభిస్తాయి. మూత తీయకుండా మరిచిపోయిన డబ్బా వాటికి మంచి ఇల్లు. తెగులు వచ్చాక చేయగలిగింది తక్కువ. ముందే కప్పులను సబ్బుతో కడగాలి, మట్టి మీద సలసల కాగిన నీళ్లు పోసి చల్లార్చి వాడాలి. ఒక్కో కప్పుకు రెండు మూడు విత్తనాలకు మించకూడదు. విత్తనానికి ట్రైకోడెర్మా పొడి పట్టిస్తే ఇంకా మంచిది. పెద్ద మొత్తంలో మట్టి కావాలంటే మే నెల ఎండ ఉంది. తడిపిన మట్టిని పారదర్శక పాలిథిన్‌తో బిగించి నాలుగు నుంచి ఆరు వారాలు ఎండబెడితే చాలా తెగుళ్ల బీజాలు చస్తాయి. 1976లో ఇజ్రాయెల్ శాస్త్రవేత్త కటాన్ బృందం ప్రచురించిన ఈ పద్ధతిని ఇప్పుడు మన దేశంలోనూ నారుమళ్లకు సిఫారసు చేస్తున్నారు.

రెండో ప్రమాదం మొక్కకు కాదు, మనకు. కప్పుల కింద పెట్టే పళ్లెంలో, వాడకుండా బయట వదిలేసిన ఖాళీ కప్పులో నిలిచే నాలుగు చెంచాల నీరు ఈడిస్ ఈజిప్టై దోమకు చాలు. డెంగీని మోసేది ఈ దోమే. వానాకాలపు వేడిలో గుడ్డు నుంచి ఎగిరే దోమ తయారవడానికి 7 నుంచి 10 రోజులు పడుతుంది. గుడ్లు నీటి అంచుకు పైన గోడకు అంటుకుని, ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉంటాయి. నీళ్లు పారబోస్తే సరిపోదు, పళ్లెం అంచులను పీచుతో రుద్ది కడగాలి. వారంలో ఒక రోజును దీనికే కేటాయించండి. ఇంకా సులువైన దారి పళ్లెమే పెట్టకపోవడం. కప్పులను తలుపు మీదో, చెక్క మీదో ఉంచి నీరు కిందికి కారిపోనివ్వండి. ఖాళీ కప్పులను బోర్లించి ఇంట్లో పెట్టండి. ఇది చేయలేని ఇంట్లో ప్లాస్టిక్ కప్పుల నారు అసలు పెట్టకపోవడమే మంచిది.

తోటలోకి పంపే ముందు

టమాటా, కాలీఫ్లవర్ నారు 25 నుంచి 30 రోజులకు, మిరప 35 నుంచి 40 రోజులకు నాటడానికి వస్తాయి. ఆనప, బీర మొక్కలను రెండు మూడు ఆకులు రాగానే నాటాలి. వీటి వేళ్లు కదిలితే తట్టుకోలేవు కాబట్టి ప్యాకెట్‌ను పక్కగా కోసి మట్టిగడ్డ చెదరకుండా తీయాలి.

నీడలో పెరిగిన ఆకుల మీద మైనపు పొర పల్చగా ఉంటుంది, పత్రరంధ్రాలు మూసుకోవడం సరిగా నేర్చుకోలేదు. ఒక్కసారిగా అక్టోబరు ఎండలో పెడితే ఒకే పూటలో వాడిపోతుంది. నాటడానికి వారం ముందు నుంచి నీళ్లు కాస్త తగ్గించి, మొదటి రోజు ఒక గంట, తర్వాత రోజుకో గంట పెంచుతూ ఎండ చూపించాలి. చివరికి సాయంత్రం పూట నాటాలి. నాటే గుంటలో మాగిన ఎరువు పిడికెడు వేస్తే, లేటరైట్ మట్టి భాస్వరాన్ని పట్టేసుకోకుండా కొంత అడ్డుపడుతుంది.

కప్పుకు ఎన్నాళ్ల ఆయుష్షు?

2022 జూలై 1 నుంచి మన దేశంలో ప్లాస్టిక్ గ్లాసులు, పళ్లేలు, స్ట్రాలు లాంటి ఒకసారి వాడి పారేసే వస్తువులు నిషేధం. అదే ఏడాది డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పల్చని చేతిసంచులూ నిషేధం. పాల ప్యాకెట్లు, పెరుగు కప్పులు ఈ జాబితాలో లేవు. అవి మన ఇళ్లకు వస్తూనే ఉంటాయి. వాటిని నారుకు వాడినంత మాత్రాన ఆ ప్లాస్టిక్ మాయం కాదు, చెత్తకుప్పకు చేరడం కొంత ఆలస్యమవుతుంది. అయితే ఆ ఆలస్యంలో ఒక కొత్త కుండీ, ఒక కొత్త ట్రే కొనడం తప్పుతుంది. లాభం అంతవరకే.

ఎండలోని అతినీలలోహిత కిరణాలు పాలిమర్ గొలుసులను తెంచుతాయి. కొన్ని నెలలు ఎండలో ఉన్న పీపీ కప్పు పెళుసై, నొక్కితే పెంకుల్లా విరుగుతుంది. ఆ ముక్కలు చిన్నవై, సూక్ష్మ ప్లాస్టిక్‌గా మనం తినే కూరగాయలు పండే మట్టిలోనే మిగిలిపోతాయి. అందుకే నొక్కి చూడటమే పరీక్ష. వంగితే మరోసారి వాడండి. చిటపటమంటే, అంచులు తెల్లబడితే, కడిగి ఆరబెట్టి రీసైక్లింగ్‌కు ఇచ్చేయండి. మట్టిలో పాతిపెట్టకండి. చలిమంటలో అసలే వేయకండి. ఆ పొగ విషపూరితం, అందులో పీవీసీ కలిసి ఉంటే డయాక్సిన్లు కూడా పుడతాయి.

బెంగాల్ టీ దుకాణాల్లో ఇచ్చే మట్టి కప్పు కూడా నారుకు పనికొస్తుంది. అడుగున రంధ్రం పెట్టుకుంటే చాలు. దాని గోడల నుంచి నీరు ఆవిరై పోతుంది కాబట్టి మట్టి చల్లగా ఉంటుంది, నారుకుళ్ళు తగ్గుతుంది. కానీ రోజుకు రెండుసార్లు తడపాలి. ఈ ఆగస్టులో ఒకే విత్తనాన్ని నాలుగు పెరుగు కప్పుల్లో, నాలుగు మట్టి కప్పుల్లో, నాలుగు పాల ప్యాకెట్లలో వేసి చూడండి. మొలిచిన తేదీ, పడిపోయిన మొలకల సంఖ్య, నాటే రోజున ఎత్తు రాసుకోండి. మీ వరండాకు, మీ ఇంటి మట్టికి ఏది సరిపోతుందో ఏ పుస్తకం కంటే ఆ పన్నెండు కప్పులే బాగా చెబుతాయి.